టాప్ తీస్తే బేస్ ఎటు పోయింది?

పోయిన ఎండాకాలం మా అక్క కొడుకు సెకండ్ హ్యాండ్‌లో ఒక థార్ జీపు కొన్నాడు. గుడ్డ టాప్ మడిచి వెనక్కి వేసుకునే రకం. కొన్న వారానికే నల్లగొండ ప్రకాశం బజార్ వైపు ఒక షాపులో సబ్ వూఫర్ (బేస్ అనే లోతైన మోత వాయించే పెద్ద స్పీకర్) పెట్టించుకుని నేరుగా మా ఇంటి ముందు ఆపాడు. టాప్ మూసి ఉంది, అద్దాలు ఎక్కించి ఉన్నాయి. పాట పెట్టగానే లోపలి అద్దంలో నా ముఖం వణికింది. ఛాతీ మీద ఎవరో మెల్లగా గుద్దుతున్నట్టుంది. సరే, సాగర్ రోడ్డు మీద ఒక రౌండ్ వేసొద్దామని టాప్ మడిచాం. ఊరు దాటి స్పీడ్ అందుకున్నాక వాడి ముఖం చూడాలి.

"మామా, బేస్ మొత్తం ఎటో పాయె. షాపోడు మోసం జేసిండు."

షాపతను మోసం చేయలేదు. అంతకుముందు విన్న బేస్‌లో సగానికి పైగా వూఫర్‌ది కాదు, కారుది. దాన్ని టాప్‌తో పాటు మేమే మడిచి వెనక పెట్టాం.

ధ్వని గాలిలో అలలాగా నడుస్తుంది. మా దగ్గర మే నెలలో 40 డిగ్రీల ఎండలో దాని వేగం సెకనుకు దాదాపు 355 మీటర్లు. డప్పు మీద సిర్ర కర్ర కొట్టినప్పుడు వచ్చే ఫట్‌మనే శబ్దంలో వేల హెర్ట్జ్ ఉంటాయి, అంటే సెకనుకు వేల ఊపులు. ఆ అల పొడవు జానెడు కూడా ఉండదు. అదే సబ్ వూఫర్ వాయించే 40 హెర్ట్జ్ తీసుకోండి. 355ను 40తో భాగిస్తే అల పొడవు దాదాపు 9 మీటర్లు. జీపు లోపల ముందు అద్దం నుంచి వెనక దాకా మహా అయితే రెండున్నర మీటర్లు. అంత చిన్న పెట్టెలో అంత పెద్ద అలకు పట్టే చోటే లేదు.

మరి లోపల ఏం జరుగుతుంది? సైకిల్ పంపు కొసను బొటనవేలితో మూసి కొట్టి చూడండి. పిడి కొంచెం కదిపినా వేలి కింద ఒత్తిడి తెలుస్తుంది. వేలు తీసి కొడితే గాలి తుస్సుమని పోతుంది, చేతికి ఏమీ తగలదు. మూసిన కారులో సబ్ వూఫర్ చేసేది మొదటి పని. కోన్ (వూఫర్‌లో ఊగే గరాటు) ముందుకు వచ్చినప్పుడల్లా కారులోని మొత్తం గాలిని ఒకేసారి నొక్కుతుంది, వెనక్కి పోయినప్పుడు వదులుతుంది. సౌండ్ పనివాళ్లు దీన్ని క్యాబిన్ గెయిన్ అంటారు. అల పొడవులో సగం కారు పొడవును దాటిన చోట ఇది మొదలవుతుంది. రెండున్నర మీటర్లకు లెక్క వేస్తే 70 హెర్ట్జ్ దగ్గర. అక్కడి నుంచి కిందికి, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) దాకా ఊరికే కలుస్తుంది. ఇది కాగితం మీది లెక్క. నిజం కారులో తలుపుల సందుల్లోంచి కొంత కారిపోతుంది, రేకులు వంగి కొంత మింగేస్తాయి. అయినా మిగిలేది తక్కువేం కాదు.

12 డెసిబెల్స్ అంటే పవర్‌లో 16 రెట్లు. 35 హెర్ట్జ్ దగ్గర మూసిన కారులో 300 వాట్లు చేసిన పనిని టాప్ తీశాక చేయించాలంటే, కాగితం లెక్క ప్రకారం 4800 వాట్లు కావాలి. డబ్బులున్నాయని అంత పెద్ద ఆంప్ (పాటకు బలమిచ్చే ఆంప్లిఫైయర్) కొన్నా, కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 8 మిల్లీమీటర్లు కదిలేది 32 కదలాలన్న మాట. అంతకంటే ముందే కాయిల్ (కోన్‌ను ఆడించే తీగ చుట్ట) అడుగున కొట్టుకుని టక్‌టక్‌మంటుంది, వూఫర్ పోతుంది. వాడితో నేను మొదట చెప్పింది ఇదే: ఓపెన్ బండిలో వాట్లు పెంచుకుంటూ పోవద్దు. 40 కింద ఉండే లోతు మీద ఆశ వదిలేసుకో, 45 నుంచి 80 మధ్య దెబ్బ గట్టిగా తగిలేలా చేసుకో. పాటల్లో డ్రమ్ము, బేస్ గిటార్ ఎక్కువగా ఉండేది అక్కడే.

గాలి చేసే గోల కూడా ఉంది. 80 స్పీడ్‌లో చెవుల పక్కన కొట్టుకునే గాలి, టైర్ల మోత రెండూ ఎక్కువగా కింది స్థాయి శబ్దాలే. అవి సరిగ్గా బేస్ మీదే కూర్చుంటాయి. అసలే మన చెవికి బేస్ తక్కువ వినపడుతుంది. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ మనుషులకు రకరకాల స్వరాలు వినిపించి ఏది ఎంత గట్టిగా ఉంటే సమానంగా తోస్తుందో గీతలు గీశారు. తర్వాత సరిదిద్దిన ఆ గీతల ప్రకారం, 1000 హెర్ట్జ్ స్వరం 40 డెసిబెల్స్‌లో ఎంత వినపడుతుందో, 50 హెర్ట్జ్ అంత వినపడాలంటే 75కు పైనే ఉండాలి.

ఇప్పుడు డప్పును గుర్తు చేసుకోండి. డప్పుకు ఒకే తోలు, వెనక ఖాళీ. తోలు ముందుకు వచ్చినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. పొడవైన అలలు అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే డప్పు చెరువు అవతలికి కూడా వినపడుతుంది కానీ కడుపులో అదరదు. దాని బలం ఆ ఫట్‌లో ఉంది. పెట్టె లేని వూఫర్ కూడా అంతే, చేతిలో పట్టుకుని వాయిస్తే రేడియోలాగా పలుకుతుంది. వెనక అలను బంధించడమే పెట్టె మొదటి పని.

పెట్టెను పూర్తిగా మూస్తే సీల్డ్ బాక్స్. ఒక గొట్టం పెట్టి వదిలితే పోర్టు బాక్స్. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, పోర్టు బాక్స్ ఆ సీసానే. ఏ స్వరానికి కట్టారో దాని చుట్టుపక్కల కోన్ పెద్దగా కదలకుండానే గొట్టం అరుస్తుంది. మూసిన కారులో నేనెప్పుడూ సీల్డే ఇష్టపడతాను, శుభ్రంగా ఉంటుంది. ఓపెన్ బండిలో మాత్రం కారు ఇచ్చే సాయం పోయింది కాబట్టి, 42 హెర్ట్జ్ దగ్గర కట్టిన పోర్టు బాక్స్‌కే ఓటేశాను. దానికో అవలక్షణం ఉంది. కట్టిన స్వరం కిందికి పోతే పెట్టెలోని గాలి కోన్‌కు అడ్డు పడదు, అది పిచ్చిగా ఊగుతుంది. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మనం పెట్టిన హెర్ట్జ్ కింది స్వరాలను కోసేసేది) లేని ఆంప్‌తో పోర్టు బాక్స్ పెట్టొద్దనేది అందుకే.

కొత్త వూఫర్ల విషయంలో వాడు పదిహేను ఇంచులది ఒకటి అన్నాడు, బండిలో చోటు లేదు. ఒక పన్నెండు ఇంచుల దాని కంటే రెండు పది ఇంచులవి మేలు. కదిలే కోన్ వైశాల్యం పన్నెండుకు దాదాపు 500 చదరపు సెంటీమీటర్లు, రెండు పదులకు కలిపి దాదాపు 700. బేస్ అంటే తోసిన గాలే. వాటికి సుమారు 70 లీటర్ల పెట్టె కావాలి, అంటే నాలుగైదు బిందెలు పట్టేంత చోటు. వెనక సీటు మడవాల్సి వచ్చింది. ఆ మాట మీద ఇంట్లో అక్క రెండు రోజులు మాట్లాడలేదు.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు గర్భగుడిలో పగలంతా నిలిచే స్తంభం నీడ తెలుసు. వెలుతురు అల మరీ చిన్నది కాబట్టి రాతి స్తంభం దాన్ని ఆపుతుంది, నీడ పడుతుంది. తొమ్మిది మీటర్ల బేస్ అలకు స్తంభం ఒక లెక్కా? సీటు వెనక పెట్టినా చుట్టూ తిరిగి వచ్చేస్తుంది, బేస్‌కు నీడ లేదు. అందుకని పెట్టె ఎక్కడున్నా ఒకటే అనుకుంటారు. మూసిన కారులో కొంతవరకు నిజమే. ఆరుబయట మాత్రం దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి. పెట్టెను మీటరు దూరం నుంచి అర మీటరుకు జరిపితే ఇంచుమించు నాలుగు రెట్ల ఆంప్ కొన్నంత లాభం. పైసా ఖర్చు లేదు. మేము ముందు సీట్ల వీపుకు ఆనేలా జరిపి, నాలుగు బోల్టులతో ఫ్లోర్‌కు బిగించాం. ఓపెన్ బండి కదా, రాత్రికి రాత్రి ఎవరూ ఎత్తుకుపోకుండా కూడా.

పెట్టెకు ఎండీఎఫ్ (చెక్క పొడిని నొక్కి చేసే పలక) వద్దన్నాను. ఒక్క వాన పడితే అటుకుల్లా ఉబ్బుతుంది. 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై (నీటికి ఆగే ప్లైవుడ్), పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు. కాగితం కోన్ బాగానే పాడుతుంది కానీ మన దుమ్ముకూ జల్లుకూ ఆగదు.

వైరింగ్ దగ్గర నాకు భయం ఎక్కువ, కారణముంది. పాతికేళ్ల కింద నా మొదటి కారుకు నేనే ఆంప్ పెట్టుకున్నాను. ఫ్యూజు చక్కగా ఆంప్ పక్కన పెట్టాను, చూసుకోవడానికి వీలుగా. ఇంజన్ గది నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రానికి రబ్బరు బుష్ వేయలేదు. ఆర్నెల్లకు రేకు అంచు రాసుకుని రాసుకుని వైరు తొడుగు తెగింది. ఎర్రటి వైరు బాడీకి తగిలిన చోటు నుంచి బ్యాటరీ దాకా ఫ్యూజే లేదు. నకిరేకల్ దాటాక డాష్‌బోర్డు కింద నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన, ఆ వెంటనే పొగ. బ్యాటరీ టెర్మినల్ ఎలా పీకానో నాకే గుర్తు లేదు. ఫ్యూజు ఆంప్‌ను కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. అది బ్యాటరీకి మూరెడు లోపలే ఉండాలి.

ఎంత కరెంటు పోతుందో చూడండి. 500 వాట్లు నిజంగా ఇచ్చే క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్, 80 శాతం సామర్థ్యంతో, బ్యాటరీ నుంచి 625 వాట్లు లాగుతుంది. 13.8 వోల్టుల దగ్గర అది 45 ఆంపియర్లు. హెడ్‌లైట్ బల్బులు పది ఒకేసారి వెలిగించినట్టు. దానికి నాలుగు గేజ్, అంటే దాదాపు 21 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలి. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం వైరు సగం ధరకు దొరుకుతుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. అల్యూమినియం రాగిలో 60 శాతం చిల్లరే కరెంటు మోస్తుంది. ఆంప్ అట్టపెట్టె మీది వాట్ల సంగతి కూడా అంతే. పైన 3000 అని పెద్దక్షరాలు, లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) 400 అని చిన్నక్షరాలు ఉంటాయి. చిన్నక్షరాలే నమ్మాలి.

ఎర్త్ వైరు పొట్టిగా, పెయింట్ గీకి మెరిసే ఇనుముకు బిగించాలి. లేకపోతే ఆక్సిలేటర్ నొక్కినప్పుడల్లా స్పీకర్లలో కుయ్యిమని ఈల వస్తుంది. వూఫర్లు రెండూ ఒకే దిశలో కదులుతున్నాయో లేదో చూడటానికి గోడ గడియారంలో వేసే సెల్ చాలు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ తాకించగానే రెండు కోన్లూ బయటికే రావాలి. మా వాడి బండిలో పాత వూఫర్ వైర్లు తిప్పి కలిపి ఉన్నాయి. అది లోపలికి పోయింది. డోర్ స్పీకర్లు నెడుతుంటే ఇది గుంజుతోందన్న మాట. షాపతను మోసం చేయలేదన్నాను కానీ, ఈ ఒక్క మాట వెనక్కి తీసుకోవాలేమో.

ఊళ్లో మాత్రం రాత్రి పది దాటాక నాబ్ ముట్టొద్దన్నాను. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌కు మించకూడదు. ఆ పెద్ద అల గోడలను లెక్క చేయదు, పక్కింటి ముసలాయన మంచం దాకా పోతుంది.

మళ్లీ సాగర్ రోడ్డు ఎక్కాం. 60 స్పీడ్ దాకా సీటు వీపు నుంచి దెబ్బ తెలుస్తోంది. 90 దాటితే గాలిదే రాజ్యం. వాడు ఏమీ అనలేదు, స్పీడ్ తగ్గించాడు. ఇంటికొచ్చాక ఆంప్ మీద తెల్ల టేప్ ముక్క అంటించి, సబ్‌సోనిక్ నాబ్ పక్కన పెన్నుతో రాసుకున్నాడు: "టాప్ తీస్తే 45, మూస్తే 35."