ఇల్లు చూసి ఇచ్చే రిపోర్టు గ్యారంటీ కార్డు కాదు: అపోహలు - వాస్తవాలు

మొన్న మే నెలలో ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "నాయనా, నువ్వు చూసి బాగుందన్నాకే గదా కొన్నాం! కిటికీ దగ్గర గోడ పగిలింది. మా ఇంట్లో ఆమెకు రాత్రిళ్లు నిద్ర లేదు" అన్నారు. నేను నవంబరులో చూసిన ఇల్లే అది. కర్నూలులో కొనబోయే ఇళ్లు చూసిపెట్టడం నా పని. ఏటా ఎండాకాలం ఇలాంటి ఫోన్లు తప్పవు.

అపోహ: ఇంజనీరు చూసి వెళ్లాడంటే ఇంటికి గ్యారంటీ ఉన్నట్టే.

వాస్తవం: ఆ రోజు, గోడ పగలగొట్టకుండా కంటికి కనిపించేదే మేం చూస్తాం. రసమట్టం పెడతాం, ప్లాస్టరింగ్ తట్టి డొల్లగా మోగుతోందా అని వింటాం, తేమ మీటరు ఆనిస్తాం, కుళాయిలన్నీ ఒకేసారి తిప్పుతాం. పునాది ఎంత లోతు తీశారో, పిల్లర్‌లో ఎన్ని కడ్డీలు వేశారో పైనుంచి చూసి చెప్పలేం.

మన వైపు నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పునాది సరైన లోతుకు దిగకపోతే మట్టితోపాటే కదులుతుంది. వానలు వెనకబట్టిన కొత్తలో మూసుకుని ఉన్న బీట మే నెలకు నోరు తెరుస్తుంది. మాస్టారి ఇంట్లో జరిగింది అదే. కిటికీ మూల నుంచి క్రాసుగా బీట. పైన అగ్గిపుల్ల దూరేంత, కిందికి వచ్చేసరికి వెంట్రుకవాసి. నా రిపోర్టు మూడో పేజీలో "ఇక్కడ కొత్తగా పుట్టీ పెట్టారు, నేల నల్లరేగడి, ఒక ఎండాకాలం గమనించాలి" అని రాశాను. ఆయన చివరి పేజీ ఒక్కటే చదివారు. ఆయనది తప్పని నేను అనను. జీవితకాలం కూడబెట్టింది పెడుతున్నవాళ్లకు ఆ టెన్షన్‌లో "కొనవచ్చు" అన్న మాటే కనిపిస్తుంది. అప్పటినుంచి ప్రతి రిపోర్టూ ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపిస్తున్నాను.

పైగా ఇల్లు కూలిపోతుందని ఎవరో చెప్పారట. చూడకుండానే ఇలాంటి మాటలు పుట్టించేవాళ్లను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. బీట ఉండటం కాదు, అది పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. దాని మీద అడ్డంగా సన్నని గాజు ముక్క సిమెంటుతో అతికించి పక్కన తేదీ రాశాను. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. స్నానాల గది నీళ్లు ఆ మూలనే ఇంకుతున్నాయి, పైపు వేయించి దూరంగా పంపించాం. ఒక పక్క తడి, ఇంకో పక్క ఎండు ఉంటే ఈ మట్టితో మరీ కష్టం. గాజు ముక్క ఇంకా పగల్లేదని మాస్టారు అప్పుడప్పుడూ ఫోన్ చేసి చెబుతున్నారు.

ఇక మిగతావి. బ్యాంకు లోను ఇచ్చిందంటే ఇల్లు గట్టిదని కాదు, వాళ్ల ఇంజనీరు వచ్చేది విలువ కట్టడానికి. బోరులో నీళ్లు, వాస్తు మా పని కాదు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన తాకట్లు, అమ్మకాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు చేతులు మారిన దస్తావేజులు) వకీలుకు చూపించండి.

పాత ఊరి వైపు కొంటుంటే మాత్రం ఒక పని మీరే చేయాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు ఆ ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయో రంగులేసిన గోడ చెప్పదు. పక్కింటి పెద్దమ్మను అడగండి, చెయ్యెత్తి చూపిస్తుంది.