విదేశాలకు ఇంటి సామాను: కస్టమ్స్ కాగితాల మీద మనవాళ్ళకున్న అపోహలు, అసలు వాస్తవాలు

విదేశాల్లో స్థిరపడటానికి వెళ్ళే కుటుంబాలకు ఇంటి సామాను కాగితాలు తయారుచేసి పెట్టడం నా పని. ఉండేది కడపలో. కడప, ప్రొద్దుటూరు, రాజంపేట వైపు సామాను ఎక్కువగా చెన్నై రేవు మీదుగా పోతుంది. కర్నూలు వాళ్ళకు హైదరాబాదు సనత్‌నగర్ కంటైనర్ డిపో, అనంతపురం వాళ్ళకు బెంగళూరు వైట్‌ఫీల్డ్ డిపో దగ్గర. ఏ ఊరివాళ్ళు ఫోన్ చేసినా అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. అన్నీ అమ్ముకుని, ఇల్లు ఖాళీ చేసి, పిల్లల్ని తీసుకుని కొత్త దేశంలో దిగిన కుటుంబానికి సామాను రేవులోనే ఆగిపోతే ఎంత కష్టమో దగ్గర నుంచి చూస్తుంటాను. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

అపోహ: వాడిన సామానే కదా, దానికి కాగితాలెందుకు?

"అన్నా, అంతా పాత గిన్నెలూ పాత మంచాలే గదా, వాటికి సుంకం ఎవరడుగుతారు?" అంటారు. సుంకం ఉండదన్నది చాలావరకు నిజమే. కానీ ఆ మినహాయింపు దానంతటది రాదు. ఈ సామాను నాది, ఇంతకాలం వాడుకున్నాను, ఉండటానికే వస్తున్నాను అని రాసి, సంతకం పెట్టి అడిగితేనే ఇస్తారు. ఎంతకాలం వాడి ఉండాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

అమెరికాకు 3299 నంబరు ఫారం నింపాలి. ఇంటి సామాను కనీసం ఏడాది మీ ఇంట్లో వాడుకలో ఉండాలి. ఆ ఏడాది తెంపు లేకుండా ఉండాలని గానీ, బయల్దేరే ముందటి ఏడాదే కావాలని గానీ లేదు. మంచాలు, వంటపాత్రలు, పుస్తకాలు ఇంటి సామాను కింద వస్తాయి. బట్టలు, నగలు, కెమెరాల వంటివి రావు, వాటిని సొంత వస్తువులుగా వేరే లెక్క వేస్తారు. ఆస్ట్రేలియాకు బీ534 ఫారం, అక్కడా ఏడాది వాడకం చూపాలి. బ్రిటన్‌కు టీఓఆర్1 దరఖాస్తు పెట్టుకోవాలి. అంతకుముందు వరుసగా 12 నెలలు బ్రిటన్ బయట ఉండి, వస్తువులు 6 నెలలైనా మీ దగ్గర వాడుకలో ఉండాలి. దరఖాస్తు ఒప్పుకుంటే ఒక నంబరు ఇస్తారు. సామాను విడిపించేటప్పుడు ఆ నంబరే అడుగుతారు కాబట్టి అది చేతికి వచ్చాకే సామాను ఓడ ఎక్కించడం మేలు. మినహాయింపు తీసుకున్న వస్తువుల్ని అక్కడ ఏడాదిలోపు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఇంకొకరికి వాడుకోను కూడా ఇవ్వకూడదు.

కెనడా పద్ధతి వేరు, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చిందని ఒకసారి వెళ్ళి దిగి, వెనక్కొచ్చి, కొన్నాళ్ళకు సంసారం మొత్తం తీసుకెళ్దామనుకుంటారు. మొదటిసారి దిగిన రోజే అక్కడి ఆఫీసరుకు రెండు లిస్టులు ఇవ్వాలి. వెంట తెచ్చుకున్నవి ఒకటి, వెనక రాబోయేవి ఒకటి. వాటిని చూసి బీఎస్ఎఫ్186 కాగితం మీద నమోదు చేసి ఇస్తారు. అది పోగొట్టుకోకూడదు. ఆ రోజు రెండో లిస్టు ఇవ్వకపోతే, తర్వాత ఓడలో వచ్చే సామానుకు ఈ మినహాయింపు అడగడం చాలా కష్టమవుతుంది. నగలుంటే ఫోటోలు, షాపువాళ్ళు రాసిచ్చిన వివరాలు జతచేయాలి. ఒకే వస్తువు విలువ 10,000 కెనడా డాలర్లు దాటితే, దాటినంత మేరకు సుంకం పడుతుంది.

కాబట్టి డల్లాస్‌లో ఉన్న బావమరిది చెప్పిన రూలు పట్టుకుని టొరంటోకు సామాను పంపకండి.

అపోహ: లిస్టంటే "వంట సామాను, ఒక పెట్టె" అని రాస్తే సరిపోతుంది

మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఈ లిస్టే. మన కస్టమ్స్, ఓడ కంపెనీ, బీమా కంపెనీ, అక్కడి కస్టమ్స్, అందరూ చదివేది దాన్నే. పెట్టె తెరిచి చూడాలా వద్దా అన్నది చాలావరకు దాన్ని బట్టే తేలుతుంది. "వంట సామాను", "ఇతరములు" అని రాసిన లైన్లు ఆఫీసరుకు ఏమీ చెప్పవు. నేను రాయించే లైను ఇలా ఉంటుంది:

పెట్టె 14: స్టీలు గిన్నెలు 12, ప్రెషర్ కుక్కర్ 5 లీటర్లది 1, ఇడ్లీ పాత్ర 1, రాగి బిందె 1, రోటి పచ్చడికి చిన్న రాతి రోలు 1. అన్నీ వాడినవి, 2017 నుంచి ఇంట్లో ఉన్నవి. ఇప్పటి విలువ ఇంత.

పెట్టె మీద ఏ నంబరుంటే లిస్టులోనూ అదే ఉండాలి. కరెంటు వస్తువైతే కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు కూడా. లిస్టు ఇంగ్లీషులోనే ఇస్తాం కాబట్టి "బిందె" అని వదిలేయకుండా నీళ్ళ పాత్ర అని అర్థమయ్యేలా రాయాలి. రోలుకు పక్కన ఫోటో ఒకటి జతచేస్తే ఇంకా మంచిది. రాతి దిమ్మ ఏమిటో ఎక్స్‌రేలో చూసేవాళ్ళకు తెలియదు.

పెట్టెలు కట్టేటప్పుడే రాయండి. టేపు వేసేశాక గుర్తుచేసుకుని రాసిన లిస్టులో ఎప్పుడూ ఏదో ఒకటి తప్పిపోతుంది. లిస్టులో లేని వస్తువు పెట్టెలో దొరికితే, లిస్టులో ఉన్నవాటిని కూడా అనుమానంగానే చూస్తారు.

విలువ తక్కువ రాస్తే మంచిదన్న మాట కూడా బలంగా పాతుకుపోయింది. వాడిన సామానుకు మినహాయింపు ఎలాగూ ఉంది, విలువ తగ్గించి రాస్తే కలిసొచ్చేదేమీ లేదు. పైగా కస్టమ్స్‌కు ఒక విలువ, బీమాకు ఇంకో విలువ రాసినవాళ్ళ ఫ్రిజ్ దారిలో పగిలితే, పరిహారం అడిగే రోజు రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టి చూస్తారు. పాత వస్తువు ఈరోజు అమ్మితే ఎంతొస్తుందో అదే రాయండి, రెండు చోట్లా అదే.

అపోహ: కంటైనర్లో చోటుంది, అక్క వాళ్ళ పెట్టెలు కూడా వేస్తే పోతుంది

మనవాళ్ళ ప్రేమ ఇది, కాదనడం నాకూ కష్టంగానే ఉంటుంది. పెదనాన్న కూతురికి పట్టుచీరలు, పక్కింటి వాళ్ళ అబ్బాయికి పచ్చళ్ళ జాడీలు, ఇంకెవరో ఇచ్చిన సీలు వేసిన మూట. కానీ మినహాయింపు మీ సొంత సామానుకే. ఇంకొకరి కోసం తెచ్చేవి, అమ్మకానికి తెచ్చేవి అందులోకి రావు. ఫారం మీద సంతకం మీది, కాబట్టి మూటలో ఏముందన్న బాధ్యతా మీదే. మడత విప్పని 20 ధర్మవరం చీరలు కనబడితే ఆఫీసరు వాటిని వ్యాపార సరుకుగానే చూస్తారు.

కొత్తగా పెళ్ళైనవాళ్ళ సారె సామాను సంగతి వేరు. అంతా కొత్తదే, వాడిన దాఖలా ఉండదు. కెనడా దీనికి వెసులుబాటు ఇచ్చింది. అక్కడికి రావడానికి ముందు 3 నెలల్లో పెళ్ళి జరిగినా, వచ్చాక 3 నెలల్లోపు చేసుకోబోతున్నా, పెళ్ళి కానుకలు వాడి ఉండక్కర్లేదు. రాకముందే అవి మీ సొంతమై, మీ చేతిలో ఉండాలంతే. పెళ్ళి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఇలాంటి వెసులుబాటు లేని దేశాలకైతే కొత్త వస్తువును కొత్తదిగానే రాసి, సుంకం పడితే కట్టడమే దారి. కొత్త మిక్సీ అట్టపెట్టె చించేసి "వాడినది" అని రాయమని అడుగుతారు. నేను రాయను.

అపోహ: ఇంట్లో తినే బియ్యం, పప్పులకు అభ్యంతరం ఉండదు

ఉంటుంది. కర్నూలు సోనా మసూరి బస్తా ఒకటి సామాన్లో పెట్టేద్దామని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఖప్రా అనే పురుగు ఉన్న దేశాల నుంచి సొంత వాడకానికి బియ్యం తేవడాన్ని అమెరికా 2011 నుంచి ఆపేసింది. ఆ దేశాల్లో మనదీ ఉంది. గింజల్ని పొడి చేసేసే ఆ పురుగు, తిండి లేకుండా కూడా పగుళ్ళలో ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఆస్ట్రేలియా ఇంకా గట్టిగా ఉంది. వెనక వచ్చే ఇంటి సామాన్లో బియ్యమే కాదు, వేరుశనగ (మా వైపు చెనిక్కాయలు), ఎండుమిరపకాయలు, ధనియాలు, కందులు, శనగలు, పెసలు కూడా 2020 నుంచి రానివ్వడం లేదు. అనంతపురం వాళ్ళు చెనిక్కాయలు లేకుండా ఎలా వెళ్తారని నాతో వాదించేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు, అయినా పెట్టనివ్వను.

పచ్చి కరివేపాకు అమెరికాకు నిషిద్ధం. నిమ్మ జాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద వస్తుందని భయం. గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్క హెచ్చరిక: మసాలా డబ్బాలో గసగసాలు ఉంటే తీసేయండి. ఎమిరేట్స్, సౌదీల్లో వాటిని మత్తుపదార్థాల చట్టం కింద చూస్తారు.

తిండి ఏదైనా సరే, ఓడ సామాన్లో అసలు పెట్టకండి.

అపోహ: ప్యాకింగ్ మన ఇష్టం

మన దగ్గర గాజు సామాను మధ్య వరిగడ్డి కుక్కడం, పాత గోనెసంచులు చుట్టడం, వడ్రంగి చేత వేపచెక్క పెట్టె కొట్టించడం అలవాటు. మూడూ చిక్కే. గడ్డినీ, వాడిన గోనెసంచుల్నీ తెగుళ్ళ భయంతోనే ఆపుతారు. ఇక చెక్క పెట్టెలకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ఉంది. చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలి, లేదా ఒప్పుకున్న మందు పొగ పట్టించాలి. ఆ తర్వాత లైసెన్సు ఉన్నవాళ్ళు ముద్ర వేయాలి. ముద్ర లేని చెక్కతో సామాను వెళ్తే మొత్తం వెనక్కి పంపమనవచ్చు. ప్లైవుడ్‌కు ఈ నియమం వర్తించదు, అందుకే నేను ప్లైవుడ్ పెట్టెలే చెబుతాను. ఆస్ట్రేలియాకు సైకిలు, బూట్లు, తోట పనిముట్లు పంపితే వాటికి మట్టి రేణువు కూడా అంటి ఉండకూడదు. బ్రష్షుతో కడిగి, ఎండబెట్టి కట్టండి.

అపోహ: తాతల నాటి వస్తువు మన ఇంటిదే, ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు

ఇక్కడ అడ్డు చెప్పేది అవతలి దేశం కాదు, మన చట్టమే. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన విగ్రహాలు, నాణేలు, కళాఖండాలు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులు మామూలు మనుషులెవరూ దేశం దాటించకూడదు. ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు. మన సీమ పాత ఇళ్ళల్లో దేవుడి గూట్లో కంచు విగ్రహాలు, అటక మీద తాటాకు పుస్తకాలు, విక్టోరియా రాణి బొమ్మున్న వెండి రూపాయలు ఇప్పటికీ ఉన్నాయి. వస్తువు అంత పాతది కాదనుకుంటే భారత పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి సమయం పడుతుంది, టికెట్ కొన్నాక మొదలుపెడితే అందదు.

కడప వాళ్ళకు ఎర్రచందనం గురించి మరీ మరీ చెబుతాను. పాలకొండలు, లంకమల మన పక్కనే ఉండటంతో పాత ఇళ్ళల్లో ఎర్రచందనం బొమ్మ, పీట ఉండటం మామూలే. అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని దేశాల మధ్య కట్టడి చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఆ చెట్టు ఉంది, మన దేశమూ ఎగుమతిని గట్టిగా కట్టడి చేసింది. చిన్న బొమ్మ అయినా సామాన్లో పెట్టకండి. నెమలి ఈకల విసనకర్ర కూడా అంతే. నిమ్మలకుంట తోలుబొమ్మలు తీసుకెళ్ళాలనుకుంటే, అవి తోలువని లిస్టులో స్పష్టంగా రాయండి.

అపోహ: ప్యాకర్లకు డబ్బు కడితే అంతా వాళ్ళే చూసుకుంటారు

కట్టడం, మోయడం వాళ్ళ పని. కాగితాల మీద హామీ మీది. ఇక్కడ కస్టమ్స్ పని లైసెన్సున్న బ్రోకర్ ద్వారా జరుగుతుంది. 2018 నిబంధనల ప్రకారం మీరెవరో ఆయన నిర్ధారించుకోవాలి. అందుకే పాస్‌పోర్టు, వీసా, టికెట్, చిరునామా రుజువు, మీ తరఫున పని చేయడానికి అధికార పత్రం అడుగుతాడు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకుని "తర్వాత నింపుతాం" అంటే ఒప్పుకోవద్దు.

అమెరికా సామానుకు ఇంకో గడువుంది. రేవులో ఓడకెక్కించడానికి 24 గంటల ముందే ఐఎస్ఎఫ్ అనే భద్రతా సమాచారం అమెరికా కస్టమ్స్‌కు చేరాలి. ఇంటి సామానుకూ ఇది తప్పదు. తప్పితే 5,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. ఎవరు పంపుతున్నారో, ఎప్పుడు పంపారో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

సుంకం లేదంటే ఖర్చు లేదనీ అనుకోకండి. రేవు ఛార్జీలు, ఎక్స్‌రే గానీ పూర్తి తనిఖీ గానీ చేస్తే దాని ఖర్చు, ఆలస్యమైతే నిల్వ అద్దె, అన్నీ మీరే కట్టాలి. ఇతరుల సామానుతో కలిపి పంపితే, వాళ్ళ పెట్టె మీద అనుమానం వచ్చినా కంటైనర్ మొత్తం ఆగొచ్చు. అమెరికాలో దిగిన 15 రోజుల్లో విడిపించకపోతే సామాను వేరే గోదాముకు తరలిస్తారు, 6 నెలలు దాటితే వేలం వేస్తారు. అందుకని మీరు విమానం ఎక్కే తేదీ తేలకముందే సామాను ఓడ ఎక్కించకండి. ఓడ బయల్దేరాక అక్కడ పనిచేసే ఫోన్ నంబరు, ఈమెయిల్ బ్రోకర్‌కు ఇవ్వండి. ఇండియా సిమ్ తీసేసి, సామాను చేరిందన్న నోటీసు అందని కుటుంబాలు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టు నకలు, లిస్టు, నింపిన ఫారం, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) ఒక్కో కాపీ చేతి సంచిలో ఉండాలి, ఓడలో వచ్చే పెట్టెలో కాదు.