నల్లమందు పనిచేసే చోటు

చాలా ఇళ్లలో మందుల డబ్బా తెరిస్తే జ్వరం బిళ్లల పక్కన లోపరమైడ్ ఉంటుంది. ప్రయాణంలో విరేచనాలు పట్టుకుంటే ఒకటి వేసుకుంటాం, పేగు నెమ్మదిస్తుంది, ఆ సంగతి మరిచిపోతాం. నిజానికి అది నల్లమందు కోవలోది. గట్టి నొప్పి మందులైన మార్ఫిన్, ఫెంటనిల్ ఏ గ్రాహకానికి (రిసెప్టర్, అంటే కణం మీద మందు వచ్చి అతుక్కునే చోటు) అతుక్కుంటాయో అదీ దానికే అతుక్కుంటుంది. అయినా సరైన మోతాదులో వేసుకున్నవాళ్లకు మత్తు రాదు. పంటినొప్పి ఉంటే అదీ తగ్గదు.

నల్లమందు నొప్పికీ, విరేచనాలకీ పనికొస్తుందని పాతకాలం వాళ్లకు తెలుసు. గసగసాల మొక్కే దాని తల్లి. మనం కూరలో నూరి వేసే గింజల్లో ఆ మందు లేశమాత్రమే, పచ్చికాయకు గాటు పెడితే కారే పాలలో ఉంటుంది అసలు సరుకు. నొప్పి తగ్గడం ఫలితం, మలబద్ధకం దుష్ఫలితం అని వైద్య పుస్తకాలు వేరుచేసి రాస్తాయి. ఆ లెక్క మనది, మందుది కాదు. అది వెతుక్కునేది ఒక్క గ్రాహకాన్నే. అది ఎక్కడ దొరికితే అక్కడ ఒకే పని చేస్తుంది.

ఈ కథలో పెద్ద భాగం పేగులోనే నడిచింది. హిట్లర్ జర్మనీ విడిచి 1934లో స్కాట్లాండ్ చేరిన హాన్స్ కోస్టర్‌లిట్జ్, అబర్డీన్ ప్రయోగశాలలో గినీ పంది చిన్నపేగు ముక్కను ద్రావణంలో వేలాడదీసి సన్నగా కరెంటు ఇచ్చేవారు. కరెంటు తగిలినప్పుడల్లా ముక్క ముడుచుకునేది. మార్ఫిన్ కలిపితే ఆ ముడుపు చిన్నదయ్యేది. దానికి విరుగుడైన నెలాక్సోన్ కలిపితే మళ్లీ మామూలుగా ముడుచుకునేది. పేగు గోడలోని నరాల చివర్ల నుంచి, కండరానికి ముడుచుకోమని కబురందించే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా మార్ఫిన్ అడ్డుపడడమే దీనికి కారణం. ఒక మందు మనిషి నొప్పిని ఎంత తగ్గిస్తుందో ఈ ముక్కను చూసి చాలావరకు అంచనా కట్టవచ్చు. నొప్పి అంటే ఏమిటో తెలియని జానెడు పేగు చెప్పే జోస్యం!

గ్రాహకం నిజంగా ఉందని తేలింది 1973లో. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో సాలమన్ స్నైడర్ దగ్గర పరిశోధక విద్యార్థినిగా ఉన్న క్యాండేస్ పెర్ట్, రేడియోధార్మిక నెలాక్సోన్‌ను ఎలుక మెదడు గుజ్జులో కలిపి, గబగబా వడకట్టి కడిగి, ఎంత మిగిలిందో కొలిచారు. అతుక్కున్నంత మాత్రాన గ్రాహకం ఉన్నట్టు కాదు, బంక దేనికైనా అంటుకుంటుంది. అందుకని మరో పరీక్ష. లెవార్ఫనాల్, డెక్స్‌ట్రార్ఫాన్ అద్దంలో బొమ్మల్లా ఎడమ కుడి తేడా మాత్రమే ఉన్న జంట. మొదటిది నొప్పి తగ్గిస్తుంది, రెండోదానికి ఆ శక్తి లేదు. నెలాక్సోన్‌ను దాని చోటు నుంచి గెంటగలిగిందీ మొదటిదే. గినీ పంది పేగులోనూ ఇదే గ్రాహకం కనిపించిందని ఆ వ్యాసంలోనే ఉంది. అదే ఏడాది స్వీడన్‌లో లార్స్ టెరెనియస్, న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్ విడివిడిగా ఇదే తేల్చారు. 1978లో అమెరికాలో వైద్య పరిశోధనకిచ్చే పేరున్న లాస్కర్ బహుమతి స్నైడర్‌కు, కోస్టర్‌లిట్జ్‌కు, ఆయన సహచరుడు జాన్ హ్యూస్‌కు వచ్చింది. పెర్ట్ పేరు లేదు. ఆమె ఊరుకోలేదు, నిరసన తెలిపారు. ఆమె పక్షాన న్యాయం ఉందనే నా అభిప్రాయం.

గసగసాల పాల కోసం ఒంట్లో గ్రాహకం ఉండడమేమిటి? సొంత సరుకేదో ఉండాలి. హ్యూస్ కబేళా నుంచి పంది మెదళ్లు తెచ్చి, నూరి, వాటి సారాన్ని ప్రయోగశాలలోని కండరపు ముక్కల మీద పరీక్షించేవారు. ముడుపును తగ్గించి, నెలాక్సోన్‌కు లొంగే పదార్థం ఏదైనా ఉందా అని వెతుకులాట. 1975లో రెండు దొరికాయి. ఒక్కొక్కటీ ఐదేసి అమైనో ఆమ్లాల బుల్లి గొలుసు, తేడా చివరి పూసలోనే. వాటికి ఎన్‌కెఫలిన్లని పేరు పెట్టారు. ఆ తర్వాత ఇదే కోవకు చెందిన ఎండార్ఫిన్, డైనార్ఫిన్ బయటపడ్డాయి. నవ్వితే ఎండార్ఫిన్, నడిస్తే ఎండార్ఫిన్ అని ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే మాటలకు మూలం ఇదే. అయితే రక్తంలోని బీటా ఎండార్ఫిన్ మెదడులోకి సులభంగా వెళ్లదు కాబట్టి రక్తపరీక్షలో అది పెరిగిందని ఆనందాన్ని లెక్కగట్టలేం.

ఈ గ్రాహకాల్లో మ్యూ, డెల్టా, కప్పా అని రకాలున్నాయి. మార్ఫిన్‌కు ముఖ్యమైనది మ్యూ. 1996లో ఫ్రాన్స్‌లో బ్రిజిట్ కీఫర్ బృందం మ్యూ జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించింది. వాటికి మార్ఫిన్ ఇస్తే నొప్పి తగ్గలేదు, వ్యసనమూ పట్టలేదు. మంచీ చెడూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నాయన్నమాట.

ఈ గ్రాహకం చేసే పని చాలా మామూలుది. మందు తగిలితే నరకణంలోకి కాల్షియం వచ్చే దారులు మూసుకుంటాయి, పొటాషియం బయటికి పోయే దారులు తెరుచుకుంటాయి. కణం మందగించి, కబురు పంపడం తగ్గిస్తుంది. ఆ కణం వెన్నుపాములో నొప్పి కబురు మోసేదైతే ఉపశమనం. పేగు గోడలోదైతే మలబద్ధకం. దగ్గును నడిపేదైతే దగ్గు ఆగుతుంది. కొన్ని దగ్గుమందుల్లో కోడీన్ ఉండేది అందుకే. మెదడుకాండంలో ఊపిరి లయను నడిపేదైతే ఊపిరే ఆగుతుంది. మోతాదు మించినప్పుడు ప్రాణం పోయేది ఇక్కడే.

లోపరమైడ్ గుట్టు కూడా చోటులోనే ఉంది. రక్తానికీ మెదడుకీ మధ్య గోడలో పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఉంటుంది. లోపరమైడ్ లోపలికి అడుగు పెట్టగానే అది బయటికి తోసేస్తుంది. ఆ పంపు లేని చిట్టెలుకలకు లోపరమైడ్ ఇస్తే మార్ఫిన్ ఇచ్చినట్టే ప్రవర్తించాయి. (మత్తు కోసం దోసెడు బిళ్లలు మింగితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఈ మాటే హెచ్చరించింది.) దీనికి తిరగేసినది మిథైల్‌నాల్ట్రెక్సోన్. నెలాక్సోన్‌లా ఇదీ విరుగుడే, కానీ అణువు మీది విద్యుదావేశం వల్ల మెదడు గోడ దాటలేదు. క్యాన్సర్ రోగి మార్ఫిన్ వల్ల నొప్పి నుంచి తేరుకుంటూనే, దీనివల్ల పేగు బిగువు నుంచి బయటపడగలడు. సిజేరియన్ సమయంలో వెన్నులోకి ఇచ్చే మార్ఫిన్ మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా గంటల తరబడి నొప్పిని ఆపుతుంది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంతో పాటు అది మెల్లగా మెదడు వైపు ఎక్కవచ్చు కాబట్టి ఊపిరిని మాత్రం కనిపెట్టి ఉండాలి.

బెర్లిన్‌లో క్రిస్టోఫ్ స్టైన్ బృందం ఇంకో చోటు చూసింది. వాచిన కణజాలంలోని నరాల చివర్లలో కూడా ఈ గ్రాహకాలుంటాయి. పైగా వాపు ఉన్నచోట ఆమ్లగుణం ఎక్కువ. ఫెంటనిల్ అణువులో ఫ్లోరిన్ చేర్చి, ఆ ఆమ్లంలో మాత్రమే గ్రాహకానికి అతుక్కునే రూపాన్ని కంప్యూటర్ లెక్కలతో తయారుచేశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఎలుకల్లో వాచిన కాలి నొప్పి తగ్గింది, ఊపిరి మందగించలేదు. పేగు కూడా ఎప్పటిలాగే కదులుతూనే ఉంది.