పగలని అద్దాన్ని చూసిన ఆరుగురు

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసి 1974లో ప్రచురించిన ఒక ప్రయోగం సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. 150 మంది విద్యార్థులకు నిమిషం కూడా లేని ఒక ఫిల్ము చూపించారు. అందులో కార్లు గుద్దుకునే దృశ్యం నాలుగే సెకన్లు. తర్వాత ప్రశ్నపత్రం ఇచ్చారు. 50 మందికి కార్లు ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో వెళ్తున్నాయి అన్న ప్రశ్న వచ్చింది. మరో 50 మందికి ‘తగిలినప్పుడు’ అన్న ఉద్దేశం వచ్చే మాట వాడారు. మిగిలిన 50 మందిని వేగం గురించి అసలు అడగలేదు. వారం తర్వాత అందరినీ మళ్లీ పిలిచి, ఫిల్ము చూపించకుండానే పది ప్రశ్నలు అడిగారు. అందులో ఒకటి: పగిలిన అద్దం ఏమైనా చూశారా?

ఫిల్ములో అద్దమేమీ పగల్లేదు. అయినా మొదటి బృందంలో 16 మంది, రెండో బృందంలో ఏడుగురు, మూడో బృందంలో ఆరుగురు చూశామన్నారు.

అందరూ 16 గురించే చెప్తారు. పద్ధతి తెలిసినవారి కన్ను ముందు ఆ 6 మీద పడుతుంది. ఏ మాటా చెవిన వేయకపోయినా ఆరుగురు లేని గాజు పెంకుల్ని చూశారు! ప్రమాదమంటే అద్దాలు పగలడం మామూలే కదా అన్న ఊహ కావచ్చు, మరచిపోయి ఏదో ఒకటి టిక్కు పెట్టడం కావచ్చు. వేగం సంగతే అడగని ఈ మూడో బృందం (దీన్నే నియంత్రిత బృందం అంటారు) లేకపోతే ‘తగిలిన’ అన్న మాట కూడా ఏడుగురి జ్ఞాపకాన్ని మార్చేసిందని రాసేసేవాళ్లం. ఆ 6తో పోల్చి చూస్తే 7 ఏమీ కాదని, 16 మాత్రం ఆలోచించాల్సిన సంఖ్య అని తెలుస్తోంది.

ఎంత ఆలోచించాలో కాగితం మీదే లెక్క కట్టొచ్చు. చూశామన్నవారు మొత్తం 29. మాటకు ప్రభావమే లేకపోతే బృందానికి సగటున 9.67 మంది రావాలి. 16, 7, 6 దానికి 6.33, 2.67, 3.67 దూరంలో ఉన్నాయి. ఈ తేడాల వర్గాలు కలిపితే సుమారు 60.67. దాన్ని 9.67తో భాగిస్తే 6.28. చూడలేదన్న వైపు బృందానికి రావాల్సింది 40.33; దానితో భాగిస్తే 1.50. రెండూ కలిపితే 7.78. దీన్ని కై-స్క్వేర్ విలువ అంటారు; రావాల్సిన సంఖ్యలకు వచ్చినవి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పే అంకె ఇది. మూడు బృందాలు, రెండు జవాబులు ఉన్న పట్టికలో 5 శాతం స్థాయికి, అంటే మాటకు ప్రభావమే లేకపోయినా యాదృచ్ఛికంగా నూటికి ఐదుసార్లే దాటే విలువకు, హద్దు 5.99. హద్దు దాటింది. అలాగని ‘మాట మారిస్తే జ్ఞాపకం మారిపోతుంది’ అని టముకు వేయనక్కర్లేదు. ఆ మొదటి బృందంలోనే 34 మంది లేదని సరిగ్గా చెప్పారు.

ఇంతవరకూ చెప్పింది వాళ్ల రెండో ప్రయోగం. అది ఎందుకు అవసరమైందో చెప్పుకోవాలి. మొదటి ప్రయోగంలో ఇదే వేగం ప్రశ్నను 45 మందికి ఐదు వేర్వేరు క్రియలతో వేశారు. అంటే ఒక్కో మాటకు తొమ్మండుగురే. తీవ్రమైన మాట విన్నవారి సగటు అంచనా గంటకు 40 మైళ్లు దాటింది, అన్నిటికన్నా మెత్తని మాటకు 31.8 మైళ్లే. కానీ దీన్ని రెండు రకాలుగా వివరించొచ్చు. జ్ఞాపకమే మారి ఉండొచ్చు. లేదా వేగం ఎంతో తేల్చుకోలేనివారు ప్రశ్నలోని మాటను ఆసరాగా పట్టుకుని ఒక అంకె చెప్పి ఉండొచ్చు. రెండోది తోసిపుచ్చేది కాదు: 20 మైళ్ల వేగంతో కావాలని చేయించిన ఒక ప్రమాదానికి సగటు అంచనా 37.7, 40 మైళ్లతో చేయించిన మరొకదానికి 36.1. ఇంత గుడ్డి అంచనాలు ఏ గాలికైనా ఒరుగుతాయి. అందుకే వారం ఆగి, వేగంతో సంబంధం లేని, ఫిల్ములోనే లేని వస్తువు గురించి అడిగారు. పరికల్పనలు (పరీక్షించాల్సిన వివరణలు) రెండు ఉన్నప్పుడు అవి వేర్వేరు జవాబులు చెప్పే చోటు వెతకడమే ప్రయోగకర్త పని.

ఇదే ప్రయోగం తెలుగులో చేయాలంటే మొదటి చిక్కు క్రియల దగ్గరే. ‘ఢీకొన్నాయి’ పత్రికల్లో ప్రతి ప్రమాదానికీ వాడి వాడి అరిగిపోయింది. ‘నుజ్జయ్యేలా’ అని చేర్చామా, క్రియ తీవ్రతతో పాటు బళ్లు ఏమయ్యాయో కూడా చెప్పేసినట్టే. అప్పుడు ఫలితం దేనివల్ల వచ్చిందో విడదీయలేం. ‘తగిలినప్పుడు’, ‘గుద్దుకున్నప్పుడు’ లాంటి ఒంటి మాటలే మేలు. వాటిని ముందుగా ప్రయోగంలో పాల్గొనని ఓ 30 మందికి ఇచ్చి, తీవ్రతకు 1 నుంచి 7 దాకా మార్కులు వేయించుకోవాలి. ‘అద్దం’ అంటే మొహం చూసుకునేదీ, కారు ముందుండేదీ రెండూ కాబట్టి ‘గాజు పెంకులు’ అనడం నయం. ‘గాజు పెంకులు ఏమైనా కనిపించాయా?’ అనాలి తప్ప ‘ఆ గాజు పెంకులు కనిపించాయా?’ అనకూడదు. ‘ఆ’ అనగానే ఉన్నాయని ఒప్పించేసినట్టే.

తర్వాత ఎవరికి ఏ ప్రశ్న వెళ్లాలన్నది. ముందు వరుసకు ఒకటి, వెనక వరుసకు ఒకటి ఇస్తే పని చెడుతుంది. ముందు కూర్చున్నవారికి తెర బాగా కనిపిస్తుంది, శ్రద్ధ కూడా ఎక్కువ ఉండొచ్చు. మూడు రకాల పత్రాలు రెండేసి చొప్పున ఆరింటిని కలిపి, చీటీలు తీసినట్టు వరుస తేల్చి, అలాంటి కట్టల్ని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే ఎంతమంది వచ్చినా బృందాలు ఇంచుమించు సమానంగా ఉంటాయి. పై పేజీ అన్నిటికీ ఒకేలా ఉండాలి. పంచేవారికి ఏది ఎవరికి పోయిందో తెలియకూడదు, తెలిస్తే గొంతులోనే తేడా వచ్చేస్తుంది. వారం తర్వాత అడిగే గాజు పెంకుల ప్రశ్నను పదింటి మధ్య ఎక్కడో దాచాలి, దాని స్థానం ఒక్కో పత్రంలో ఒక్కోచోట ఉండాలి. రెండు బృందాల సగటు వేగ అంచనాల మధ్య మధ్యస్థమైన తేడాను (ఒక్కొక్కరి అంచనాలు మామూలుగా చెదిరే దూరంలో సగం) 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే బృందానికి 64 మంది కావాలి. తొమ్మండుగురితో నెట్టుకొస్తే ఉన్న తేడా కూడా చేజారే ప్రమాదం ఉంది.

వారం తర్వాత కొందరు రారు. ఏ బృందంలో ఎందరు తగ్గారో రాసి పెట్టుకోవాలి. ఒక బృందమే ఎక్కువ కరిగితే చీటీలు తీసిన ఫలం పోతుంది. చివర్లో, గాజు పెంకులు లేవన్న సంగతి చెప్పే ముందే, ఈ ప్రయోగం దేని గురించి అనుకున్నారో ఒక్కొక్కరినీ రాయమనాలి. గుట్టు కనిపెట్టినవారి జవాబులు లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది మొదటి పత్రం పంచకముందే రాసి, తేదీ వేసి ఉంచుకోవాలి.