వైల్డ్‌క్యాట్ తూటాలు: పేరు కలిసినంత మాత్రాన...

"డబ్బా మీద 9x25 డిల్లన్ అనే ఉంది, నా బ్యారెల్ మీదా అదే ఉంది. మరి స్లైడ్ ఎందుకు పూర్తిగా మూసుకోవట్లేదు?" తుపాకులు బాగుచేసే నా బెంచీ దగ్గర ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. స్లైడ్ అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం. 9x25 డిల్లన్ ఒక వైల్డ్‌క్యాట్, అంటే అధికారిక కొలతలేవీ లేకుండా, వేరే తూటా కేస్‌ను (ఇత్తడి గొట్టాన్ని) మార్చి చేసుకునే తూటా.

మొన్న వచ్చినాయన సెకండ్‌హ్యాండ్ పిస్టల్, స్నేహితుడు చేసిచ్చిన తూటాలు తెచ్చాడు. స్నేహితుడి పిస్టల్‌లో అవి బాగానే పేలాయట. ఇక్కడ మాత్రం స్లైడ్ రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతోంది. అరచేత్తో గట్టిగా కొట్టి కూడా చూశాడట! తూటా బయటికి తీస్తే మెడ (కేస్‌లో బుల్లెట్‌ను పట్టుకునే సన్నని భాగం) చుట్టూ మెరుస్తూ గీత. మైక్రోమీటర్ పెట్టగానే తెలిసిపోయింది, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) మెడ కన్నా తూటా మెడే లావు.

9x25 డిల్లన్ చేసేది 10 ఎంఎం ఆటో అనే తూటా కేస్ నుంచే. దాని మూతిని 9 ఎంఎంకి కుదిస్తే ఆ ఇత్తడి ఎక్కడికీ పోదు, మెడ గోడే మందమవుతుంది. కొందరు ఆ మందాన్ని చెక్కేస్తారు, కొందరు వదిలేస్తారు. అలాంటి మెడ బిగుతు ఛాంబర్‌లో ఇరుక్కుంటే, పేలినప్పుడు విచ్చుకునే చోటుండదు. బుల్లెట్‌ను సులువుగా వదలదు. ప్రెషర్ ఎగబాకుతుంది.

ఫ్యాక్టరీ తూటాలకు సామీ, సీఐపీ అనే ప్రమాణాల సంస్థల కొలతలున్నాయి. వైల్డ్‌క్యాట్‌కి ఛాంబర్ కోసిన రీమరే (తొలిచే పనిముట్టే) కొలత. రెండు రీమర్లలో భుజం (మెడ కింద వెడల్పయ్యే చోటు) ఒకేచోట ఉండాలన్న రూలేం లేదు. అందుకే ఒకరి పిస్టల్‌కి సరిపోయిన లోడ్‌ను ఇంకొకరి పిస్టల్‌కి వాడొద్దని మొత్తుకునేది. పైగా కేస్ అడుగున ముద్ర ఇంకా 10 ఎంఎం ఆటో అనే చెబుతుంటుంది. 9x25 మౌజర్ అని పూర్తిగా వేరే తూటా ఉండటం మరో తలనొప్పి.

మిగతావి చకచకా చెప్పేస్తా. .357 సిగ్ వైల్డ్‌క్యాట్ కాదు, 1994లో వచ్చిన ఫ్యాక్టరీ తూటా. .40 ఎస్ అండ్ డబ్ల్యూ కేస్‌ను కుదిస్తే అదే వస్తుందనుకుంటారు, కానీ సిగ్ కేస్ కాస్త పొడవు. బుల్లెట్ కూడా .357 కాదు, 9 ఎంఎందే. మెడ కుదించేది వేగం కోసమేనా? .45 ఏసీపీ కేస్‌తో 1963లో వచ్చిన .38/45 క్లర్క్‌ను తక్కువ రీకాయిల్‌తో (వెనక్కి తన్నే జోరుతో) టార్గెట్ కొట్టడానికి చేశారు. రివాల్వర్‌లోనూ ఇబ్బంది ఉండదనే వాళ్లు, .357 మ్యాగ్నమ్ నుంచి పుట్టిన .22 రెమింగ్టన్ జెట్ సంగతి చూడండి: కేసులు వెనక్కి జరిగి సిలిండర్ తిరిగేది కాదు. ఛాంబర్‌లో నూనె ఉంటే ఇంకా ఘోరం.

"అప్పుడు ట్రిగ్గర్ నొక్కి ఉంటే?" అని ఆయన టెన్షన్‌గా అడిగాడు. స్లైడ్ మూసుకోనప్పుడు తుపాకీ పేలకుండా ఆపే డిస్‌కనెక్టర్ అనే భాగం అడ్డుపడుతుందండీ, మీరు కొట్టిన దెబ్బకి మూసుకోకపోవడమే మంచిదైంది అన్నాను. బుల్లెట్లన్నీ ఊడదీశాం. ఖాళీ కేసులు మాత్రం ఇచ్చేయమన్నాడు, మెడ చెక్కించుకుంటాడట.