దూరం తెలిస్తే టైమ్ తెలిసినట్టేనా? విమాన ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

నేను ఫ్లైట్ డిస్పాచర్‌ని. ఏ దారిలో, ఎంత ఎత్తులో, ఎంత ఇంధనంతో వెళ్లాలో ప్రతి ఫ్లైట్‌కూ ముందే లెక్కగట్టడం నా పని. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరాన్ని విమానం వేగంతో భాగించేసి, ‘ఇంత ఎక్కువ టైమ్ ఎందుకు?’ అని అడిగేవాళ్లు చాలామంది. ఆ లెక్కలో గాలి లేదు. అక్కడే వస్తుంది తేడా అంతా.

అపోహ: మ్యాప్ మీద గీసిన సరళరేఖే దగ్గరి దారి.

గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అదీ దగ్గరి దారి. దాన్నే గ్రేట్ సర్కిల్ అంటాం. న్యూయార్క్, లండన్ మధ్య అది సుమారు 5,540 కి.మీ. చదునైన మ్యాప్‌లో మాత్రం ఉత్తరానికి వంగినట్టు కనిపిస్తుంది.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమటికి వెళ్లే విమానం త్వరగా చేరాలి.

గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది కాబట్టి ఆ లాభం ఉండదు. పైగా చాలా రూట్లలో పడమటి ప్రయాణానికే ఎక్కువసేపు పడుతుంది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ దీనికి కారణం. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి బలంగా వీచిన రోజున ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటలు దాటుతుంది.

‘పోయేటప్పుడు ఎదురుగాలైతే వచ్చేటప్పుడు కలిసొస్తుంది, చెల్లుకు చెల్లు’ అనుకోవడమూ సరికాదు. 5,500 కి.మీ. దూరం, 900 కి.మీ. వేగం, 100 కి.మీ. గాలి అనుకోండి. గాలి వెనక నుంచి వస్తే 5 గంటల 30 నిమిషాలు, ఎదురైతే దాదాపు 6 గంటల 52 నిమిషాలు. రానుపోను కలిపి చూస్తే, గాలే లేని రోజు కంటే 9 నిమిషాలు ఎక్కువ! ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే మిగులుతుంది.

అపోహ: దూరం పెరిగితే టైమూ పెరగాల్సిందే.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో. 2016లో ఎయిర్ ఇండియా ఈ ఫ్లైట్‌ను అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా పంపింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,300 కి.మీ. అయింది. అయినా వెనకగాలి సాయంతో దాదాపు రెండు గంటలు ఆదా అయ్యాయి.

గగనతలం మూసేస్తే మాత్రం చేయగలిగింది తక్కువ. 2022లో రష్యా దారి మూసుకుపోయాక హెల్సింకి–టోక్యో ప్రయాణం సుమారు 9 గంటల నుంచి 13 గంటల దాకా వెళ్లింది.

అపోహ: షెడ్యూల్‌లో చూపే టైమంతా గాలిలోనే.

కాదు. గేటు నుంచి గేటు వరకు లెక్క అది. విమానం రన్‌వే దాకా నేల మీద నెమ్మదిగా వెళ్లడం (ట్యాక్సీ), టేకాఫ్ క్యూ, దిగాక గేటుకు చేరడం అన్నీ కలుస్తాయి. చిన్న ఫ్లైట్లలో ఈ భాగం బాగా కనిపిస్తుంది.

అపోహ: లేటైతే పైలట్ స్పీడు పెంచి సర్దేస్తారు.

జెట్‌లు మామూలుగానే తమ గరిష్ఠ వేగానికి దగ్గర్లో ఎగురుతాయి. పది గంటల ప్రయాణంలో వేగం 2 శాతం పెంచినా కలిసొచ్చేది 12 నిమిషాలే, దానికి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. గంట లేటుగా బయల్దేరి టైమ్‌కే చేరారంటే వెనకగాలైనా దొరికి ఉండాలి, షెడ్యూల్‌లోనే ముందుగా అదనపు టైమైనా పెట్టి ఉండాలి.