కోరింగ మడ అడవిలో రాలిన ఆకు ఏమవుతుంది?

ఆహార గొలుసు అనగానే బుర్రలోకి వచ్చేది స్కూలు పుస్తకంలో బొమ్మే. గడ్డి, దాన్ని మేసే జింక, జింకని తినే పులి, మధ్యలో బాణం గుర్తులు. బొమ్మ తప్పేం కాదు గానీ, దాన్ని పట్టుకుని కాకినాడ పక్కనున్న కోరింగ మడ అడవిలోకి వెళ్తే పెద్దగా పనికిరాదు. అక్కడ నల్లమడ, తెల్లమడ చెట్లు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి, కానీ ఆ ఆకుల్ని కొమ్మ మీదుండగానే తినేవాళ్లు తక్కువ. కొన్ని పురుగులు, కాసిన్ని పీతలు, మేతకొచ్చిన పశువులు. చెట్టు ఎండలోంచి పట్టుకున్న శక్తిలో చాలా భాగం అది బతకడానికే ఖర్చయిపోతుంది, కొంత కలపగా మారుతుంది, మిగిలినదాంట్లో పెద్ద వాటా పండుటాకుగా రాలి బురదలో పడుతుంది. మరి అదే అడవిలో చేపలు పట్టుకు తినే బావురు పిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి కదా, వాటి దాకా శక్తి ఎలా చేరుతోంది?

పడిన ఆకు అప్పటికప్పుడు ఎవరికీ తిండి కాదు. వగరు, పీచు ఎక్కువ, నైట్రోజన్ మాత్రం చాలా తక్కువ. కొన్ని పీతలు దాన్ని బొరియల్లోకి లాక్కెళ్లి ముక్కలు చేస్తాయి, సముద్రపు పోటు వచ్చి తడిపి వెళ్తుంది, ఈలోపు బూజులు, బ్యాక్టీరియా దాని మీద చేరి నీటిలోని నైట్రోజన్‌ని తమ ఒంట్లోకి లాక్కుంటాయి. పిండి పులిసినట్టే ఇదీనూ, కొన్ని వారాలు గడిచేసరికి ఆ కుళ్లిన ముక్కలో పోషకాలు పచ్చాకులో కంటే మెరుగ్గా ఉంటాయి. అప్పుడు తింటాయి రొయ్య పిల్లలు, నత్తలు, చిన్న పీతలు. వాటికి అరిగేది చాలావరకు ఆకు మీద పెరిగిన సూక్ష్మజీవులే, పీచు చాలావరకు అలాగే బయటికొచ్చేస్తుంది, దాని మీద మళ్లీ బ్యాక్టీరియా చేరుతుంది, దాన్ని ఇంకొకరు తింటారు. వినడానికి అంత బాగోదు గానీ అడవి నడిచేది ఇలాగే.

ఈ సంగతిని 1960ల చివర్లో ఫ్లోరిడా మడ అడవుల్లో ఎరిక్ హీల్డ్, విలియం ఓడమ్ అనే ఇద్దరు పరిశోధకులు బయటపెట్టారు. ఒకాయన రాలిన ఆకుల లెక్క చూస్తే, ఇంకొకాయన చేపల పొట్టలు కోసి లోపలేముందో చూశారు. తర్వాత ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులతో, తిండి ఎక్కణ్ణించి వచ్చిందో పోల్చే పద్ధతి వచ్చాక, బురద మీది సన్నటి నాచుకీ ప్లాంక్టన్‌కీ (నీటిలో తేలే సన్నటి జీవులు) కూడా చాలాచోట్ల పెద్ద వాటానే ఉందని తేలింది. అంటే అంతా ఆకు పుణ్యమే అనడానికీ లేదు. సైన్స్‌లో నాకు నచ్చేది ఇదే, ఎంత అందమైన మాటకైనా తర్వాత ఎవరో వచ్చి లెక్క సరిచేస్తారు.

శక్తి లెక్కతో ప్రకృతిని చూడటం అంతకంటే పాతదే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సీడార్ బాగ్ అనే చిన్న చెరువుని ఏళ్ల తరబడి గమనించిన రేమండ్ లిండెమన్, ఎవరు ఎవరిని తింటున్నారన్నదాన్ని కేలరీల్లోకి మార్చాడు. దాన్ని వ్యాసంగా రాసి పంపితే పరిశోధన పత్రిక మొదట తిప్పి పంపింది, మరీ సిద్ధాంతంలా ఉందని. చివరికి 1942లో అచ్చయింది, కానీ అప్పటికే ఆయన పోయాడు, 26 ఏళ్లకే.

మనం పరీక్షల్లో రాసిన "10 శాతం సూత్రం" ఈ దారిలోంచి వచ్చిందే. నిజానికి అది సూత్రం కాదు, ఉజ్జాయింపు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి చేరేది ఒకచోట 5 శాతం ఉండొచ్చు, ఇంకోచోట 20 ఉండొచ్చు. మిగతాది కదలడానికి, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చయి చివరికి వేడిగా పోతుంది, లేదా తినకుండా మిగిలి బురదలోకి చేరుతుంది. నైట్రోజన్, ఫాస్ఫరస్ మళ్లీ వేళ్లకి అందుతాయి, వేడిగా పోయిన శక్తి మాత్రం ఇక రాదు, రేపటి ఎండ రావాల్సిందే. 10 శాతమే అనుకుని చూడండి: ఆకుల్లో 10,000 కేలరీలుంటే సూక్ష్మజీవుల్లోకి 1,000, రొయ్యలోకి 100, చేపలోకి 10, బావురు పిల్లికి ఒక్కటి. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో కూడా ఆ పిల్లి అరుదుగా ఎందుకు కనిపిస్తుందో ఇక్కడే సగం తెలిసిపోతుంది. అదే పులస సంగతి చూడండి, ప్లాంక్టన్ తినే చేప కాబట్టి దానికి మెట్లు తక్కువ. దాని ధరకి మాత్రం ఈ లెక్కతో సంబంధం లేదు లెండి!

ఇప్పుడు మడ కొట్టేసి తవ్విన రొయ్యల చెరువు చూద్దాం. రాలే ఆకు లేదు కాబట్టి మేత బస్తాలు తేవాలి, ఆ మేతలో సాధారణంగా ఎక్కడో సముద్రంలో పట్టిన చిన్న చేపల పొడి కలుస్తుంది, అంటే వేరేచోటి ఎండ ఇక్కడికి లారీలో వస్తోందన్నమాట. తినగా మిగిలిన మేతని, రొయ్యల మలాన్ని కుళ్లబెట్టే పని ఇక్కడా బ్యాక్టీరియాదే. ఆ పనికి ఆక్సిజన్ కావాలి. పగలు నీటిలోని శైవలాలు కొంత ఇస్తాయి, రాత్రయితే అవి కూడా పీల్చుకునేవే. అందుకే తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, రాత్రంతా నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పాలి, ఆ టైములో కరెంటు పోతే రైతు జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి.